పాకం ముదిరితే మాట మారాలా?

ఈ చలికాలంలో మా ఇంట్లో రెండుసార్లు చక్కెర మాడింది. మూడోసారి మిఠాయి అయింది. మాడినందుకు బాధ లేదు, చక్కెర పోతే మళ్ళీ వస్తుంది. ఆ మూడు ప్రయత్నాల నడుమ మరొకటి పోతున్నట్టు అనుమానం కలిగింది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మాది ఇబ్రహీంపట్నం. విజయవాడ పక్కన కృష్ణ ఒడ్డునున్న ఇబ్రహీంపట్నం కాదు. రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుంచి నాగార్జునసాగరం వెళ్ళే దారిలో, కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువు పక్కనున్న ఊరు. మా అన్నయ్య కూతురు ఇక్కడి ఇంజనీరింగు కళాశాలలో చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటోంది. ఆ అమ్మాయికి చాకొలెట్టులో ముంచిన 'హనీకూంబ్' మిఠాయి ఇంట్లోనే చేయాలని బుద్ధి పుట్టింది. ఆంగ్లంలో ఉన్న విధానం చూసి, పాకం వేడిమి కొలిచే ఉష్ణమాపకం ఒకటి తెప్పించుకుంది. పాకాన్ని 'హార్డ్ క్రాక్ స్టేజ్' దాకా, అంటే 300 డిగ్రీల ఫారన్‌హీటు దాకా కాచి, వంటసోడా వేసి పొంగించమని అందులో ఉంది.

మొదటిసారి అంకె 280 దగ్గర ఉండగానే పాకం నల్లబడి పొగ వచ్చింది. కారణం తరువాత తెలిసింది. గిన్నె వెడల్పు, పాకం తక్కువ. ఉష్ణమాపకం మొన పూర్తిగా మునగలేదు, అందుకని తక్కువ చూపింది. రెండోసారి మొన మునిగింది గాని మంట ఎక్కువైంది. పాకంలో కలిపిన తేనె చక్కెర కంటే ముందే మాడింది. రెండుసార్లూ ఆ పిల్ల కళ్ళు అంకె మీదే ఉన్నాయి. వాసన మారిన సంగతి గమనించలేదు.

మూడోనాడు మా అమ్మ వంటింటి గడపలో పీట వేసుకుని కూర్చుంది.

"గా పుల్ల ఎందుకు బిడ్డా? గిన్నెల సల్ల నీళ్ళు తే. పాకం చుక్క నీళ్ళల్ల ఏసి సూడు, అదే చెప్తది" అన్నది.

"నానమ్మా, ఇది నీకు తెలిసిన మిఠాయి కాదు" అన్నది మనుమరాలు.

"మిఠాయి తెల్వకపోతే ఏమాయె, పాకం తెల్వదా?"

ఆ తరువాత అమ్మ చెబుతూ పోయింది. "తీగ పాకం దాటింది... ఉండ కట్టింది, ఇది అరిసెల పాకం... ఇంక సాగుతున్నది, ఆగు... ఇగ సూడు, పటుక్కున ఇరిగింది. పళ్ళెంల ఏస్తే ఠంగుమన్నది. దించు!" సోడా వేయగానే గిన్నెడు పాకం పచ్చని నురుగై పొంగింది. చల్లారాక విరిచి చూస్తే లోపలంతా తేనెపట్టు గదులే. అమ్మ జన్మలో ఆ మిఠాయి పేరు విని ఎరుగదు.

ఇంతకీ నేను చెప్పదలచింది ఇది. వంటలను తెలుగులో వ్రాస్తున్నామని మనం అనుకుంటున్నాం. 'హార్డ్ క్రాక్ స్టేజ్' అని తెలుగు లిపిలో వ్రాసినంత మాత్రాన అది తెలుగు కాదు. అలా వ్రాసిన విధానాన్ని చదివి వినిపిస్తే, యాభై సంక్రాంతులు పాకం పట్టిన మనిషి తన పొయ్యి ముందే నిరక్షరాస్యురాలు అవుతుంది. ఆమెకు తెలిసిన విషయాన్నే ఆమెకు తెలియని మాటలో చెప్పి, ఆమెను పక్కకు తప్పుకోమంటున్నాం. మా ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. మొదటి రెండు రోజులూ అమ్మ అక్కడే ఉంది. తనకు సంబంధించిన పని కాదనుకుని నోరు విప్పలేదు.

పాకానికి మన భాషలో మెట్లున్నాయి. చక్కెర కరిగి వేళ్ళకు జిగురుగా తగిలితే లేత పాకం. గులాబ్‌జామూన్లకు అది చాలు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ దారంలా సాగితే తీగ పాకం. బూందీ లడ్డూకు అదే ఆధారం. నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండ కడితే ఉండ పాకం. అరిసెల పిండి కలిపేది అప్పుడే. ఆ ఉండ గట్టిపడి, విరిగి, పళ్ళానికి కొడితే మోగితే ముదురు పాకం. పల్లీ పట్టీలు పళ్ళకు అంటుకోకుండా కరకరలాడాలంటే అది రావాలి.

ఇవి ముసలమ్మల కబుర్లు కావు, కొలతలు. పాకంలో నీరు తగ్గినకొద్దీ అది మరిగే వేడిమి పెరుగుతుంది. కాబట్టి పాకం ఎంత వేడిగా ఉందన్నా, అందులో ఎంత నీరు మిగిలి ఉందన్నా ఒకటే లెక్క. తీగ పాకం సుమారు 106 నుంచి 112 డిగ్రీల సెల్సియస్. మెత్తని ఉండ 112 నుంచి 116. గట్టి ఉండ 121 నుంచి 130. విరిగే పాకం 146 నుంచి 154. ఆ చివరి మెట్టు దగ్గర నూటికి ఒక పాలు నీరు మాత్రమే మిగులుతుంది. పాశ్చాత్యుల మెట్ల పేర్లు కూడా ఉష్ణమాపకం నుంచి పుట్టలేదు. 'థ్రెడ్' అన్నా, 'బాల్' అన్నా, 'క్రాక్' అన్నా వాళ్ళ ముత్తవ్వలు చన్నీళ్ళ గిన్నెలో చూసి పెట్టిన పేర్లే. తీగ, ఉండ, విరుగు అన్న మన వరుసా అదే. వాళ్ళ ముత్తవ్వ మాట శాస్త్రమూ, మన ముత్తవ్వ మాట చాదస్తమూ ఎట్లా అయ్యాయో నాకు అర్థం కాదు.

మరొక చిన్న సంగతి. మన ప్రాంతం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. ఇక్కడ నీరు 100 డిగ్రీల దగ్గర కాదు, సుమారు 98 దగ్గరే మరుగుతుంది. పాకం మెట్లన్నీ కూడా ఆ మేరకు కిందికి దిగుతాయి. తీరప్రాంతపు అంకెను ఇక్కడ అక్షరాలా పాటిస్తే పాకం కొంచెం ముదురుతుంది. చన్నీళ్ళ గిన్నెకు ఆ సవరణ అక్కరలేదు.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. ఒక ఇంటి ముదురు పాకం మరో ఇంటి గట్టి పాకం కావచ్చు. మాట ఊరూరికీ మారుతుంది, అంకె మారదు. పక్కన అమ్మ లేని వాళ్ళకు, అమెరికాలో ఒంటరిగా వండుకునే పిల్లవాడికి, అంకే దిక్కు. ఒప్పుకుంటాను. అందుకే ఉష్ణమాపకాన్ని పారవేయమని అనటం లేదు. వ్రాసేటప్పుడు మూడూ వ్రాద్దాం: మన మాట, నీళ్ళలో పరీక్ష, అంకె. అప్పుడు మనుమరాలికీ నానమ్మకూ ఒకే కాగితం పనికి వస్తుంది.

మా ఇంట్లో కుదిరిన లెక్కను ఆ పద్ధతిలోనే చెబుతాను. 200 గ్రాముల చక్కెర, 4 పెద్ద చెంచాల తేనె, 3 పెద్ద చెంచాల నీళ్ళు లోతైన, మందపాటి గిన్నెలో వేసి సన్నని సెగ మీద కరిగించాలి. చక్కెర కరిగాక గరిట పెట్టరాదు. కలియబెడితే పాకం మళ్ళీ చక్కెర కడుతుంది. లేత పాకం, తీగ, ఉండ దాటి, నీళ్ళలో వేసిన చుక్క సాగకుండా పటుక్కున విరిగినప్పుడు, అంటే ఇక్కడ 148 డిగ్రీల దాపున, దించాలి. వెంటనే జల్లించిన వంటసోడా ఒకటిన్నర చిన్న చెంచాలు వేసి, నాలుగైదు క్షణాలు మాత్రమే కలిపి, నెయ్యి రాసిన కాగితం పరచిన లోతు పళ్ళెంలో పోయాలి. గరిటతో సర్దితే నురుగు కూలిపోతుంది. గంట సేపు కదపకుండా వదిలి, తరువాత విరవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. ఈ పాకం మరిగే నీటికంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడి, పైగా చర్మానికి అంటుకుని వదలదు.

సోడా చేసే పని సులువే. వేడి తగలగానే అది బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. పాకం చల్లబడి గట్టిపడేలోగా ఆ బుడగలు అందులో చిక్కుకుపోతాయి. తేనెలోని ద్రాక్షచక్కెర, పండ్లచక్కెర పాకాన్ని పలుకులు కట్టనివ్వవు. అందుకే అది గాజులా గట్టిపడుతుంది.

మరి చాకొలెట్టు ఎందుకు? రుచికే అనుకున్నాను. కాదు, అది కవచం. ఈ మిఠాయి గాలిలోని తేమను పీల్చుకుని కొద్ది గంటల్లోనే జిగురు ముద్ద అవుతుంది. చాకొలెట్టులోని కొవ్వు ఆ తేమను ఆపుతుంది. అయితే ఆ కొవ్వు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మా ఊళ్ళో ఎండాకాలం 40 దాటుతుంది. వానాకాలంలో లోపలి మిఠాయి నీరుగారుతుంది, ఎండాకాలంలో పైచొక్కా జారిపోతుంది. మనకు మిగిలింది పొడిగా, చల్లగా ఉండే కార్తీకం నుంచి మాఘం దాకా. అరిసెలు, నువ్వుల ఉండలు వండుకునే సంక్రాంతి సరిగ్గా ఆ నడుమే వస్తుంది. కొత్త బెల్లం, కొత్త బియ్యం ఇంటికి వచ్చే కాలమూ అదే, కాబట్టి కారణం వాతావరణం ఒక్కటే అనను. "ముసురు పట్టినప్పుడు పాకం పట్టొద్దు" అని అమ్మ అంటుంటే మాత్రం ఇన్నాళ్ళూ చాదస్తమనుకున్నాను.

ఇక పేరు. ఇందులో తేనెపట్టు లేదు, పోలిక మాత్రమే. ఇంగ్లండు ఉత్తరాన దీన్ని సిండర్ టాఫీ అంటారు, న్యూజీలాండులో హోకీ పోకీ, అమెరికాలోని బఫెలో నగరంలో స్పాంజ్ క్యాండీ. ఆస్ట్రేలియాలో 1913 నుంచి వయొలెట్ క్రంబుల్ అనీ, బ్రిటనులో 1929 నుంచి క్రంచీ అనీ చాకొలెట్టు తొడిగి అమ్ముతున్నారు. కొరియావారి దల్గోనా కూడా చక్కెరా సోడాల చుట్టమే; 2021లో 'స్క్విడ్ గేమ్' వచ్చాక మన పిల్లలకూ ఆ పేరు నోరు తిరిగింది. ఎవరి మిఠాయికి వాళ్ళు తమ నోటికి వచ్చిన పేరు పెట్టుకున్నారు.

మనకూ దీనికి చుట్టం ఉంది: జాతరలో బొరుగులతో పాటు కొనుక్కునే బత్తాసు. అదీ చక్కెర పాకంలో గాలి నింపి చేసేదే. కాకపోతే బత్తాసులో చక్కెర మళ్ళీ పలుకు కడుతుంది, అందుకే తెల్లగా, నోట్లో వేయగానే కరిగిపోయేలా ఉంటుంది. ఇది గాజులా విరుగుతుంది. కనుక దీన్ని బత్తాసు అనటం పూర్తిగా సరికాదు. తేలికగా, లోపల గుల్లగా ఉండేదాన్ని మనం బెండు అంటాం. 'బెండు మిఠాయి' అంటే ఎట్లా ఉంటుంది? ఇంతకంటే మంచిది తోస్తే మీరే పెట్టండి. నాకు పట్టింపు లేదు. పట్టింపల్లా ఒక్కటే: పేరు కొత్తదైనా ఫరవాలేదు, పాకం మాటలను మాత్రం పోనివ్వకూడదు. వస్తువుతో పాటు పేరు దిగుమతి కావటం సహజం. ఇంట్లో ఉన్న తూకాన్ని అటక మీదికి ఎక్కించి, తూకం కూడా దిగుమతి చేసుకోవటం అవివేకం.

చాకొలెట్టులో ముంచి ఆరబెట్టిన ముక్క ఒకటి అమ్మ చేతిలో పెట్టింది మనుమరాలు. అమ్మ కొరికి, కాసేపు చప్పరించి, "పాకం మంచిగొచ్చింది. గీ నల్లదే జర చేదున్నది" అన్నది. మర్నాడు ఆ అమ్మాయి తన పుస్తకంలో విధానం వ్రాసుకుంటుంటే తొంగి చూశాను. 'హార్డ్ క్రాక్' అని వ్రాసినది కొట్టివేసి ఉంది. దాని పైన, వంకర అక్షరాలలో, "ఠంగుమనే దాకా" అని ఉంది.