గోడల నడుమ కౌమారం

సినిమాలో ఒక్క వేషమైనా దొరకకపోతుందా అన్న ఆశతో ఇల్లు విడిచి వచ్చిన కుర్రవాళ్లు కృష్ణానగర్ కూడళ్లకు కొత్తవారు కారు. వారిలో ఎవడైనా ఆకలికి ఓర్వలేక దొంగతనం చేసి పట్టుబడితే, పదునెనిమిదేళ్లు నిండనంతవరకు వానిని లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదని 2015 నాటి బాలల న్యాయచట్టం శాసించింది. బెయిలు దొరకని బాలుడు విచారణ జరిగేదాకా అబ్జర్వేషన్ హోంలో ఉండాలి. మన నగరంలో అట్టిది సైదాబాదులో ఉన్నది.

ఇట్టి గృహాల ప్రసక్తి వచ్చినపుడల్లా వినవచ్చే మాట ఒకటే: పిల్లలు లొంగరు, కొట్లాడుకొంటారు, కంచాలు విసురుతారు, గోడ దూకుతారు. చెప్పే మందు కూడా ఒకటే, బెత్తం. బెత్తంతో ఆ పూటకు నిశ్శబ్దం లభిస్తుంది, కాదనను. గదినిండా కుర్రవాళ్లను రాత్రివేళ ఒంటరిగా కాయవలసిన ఉద్యోగి భయాన్ని, కుర్చీలో కూర్చుండి వ్రాసే నావంటివాడు తేలిక చేయరాదు. అయినను ఆ దండన నేరమే. తొలిసారి పదివేల రూపాయల జరిమానా. మరల చేస్తే మూడునెలల వరకు జైలుశిక్ష కూడా పడవచ్చు.

నా అభిప్రాయంలో ఆ అల్లరిలో అధికభాగం అనిశ్చితి నుండి పుట్టినదే. శిక్షపడిన ఖైదీకి విడుదల తేదీ తెలుసు. విచారణలో ఉన్న బాలునికి రేపటి సంగతే తెలియదు. విచారణ నాలుగు నెలలలో ముగియాలనీ, మరి రెండు నెలలకు మించి పొడిగించరాదనీ, చిన్న నేరమైతే ఆ గడువు దాటగానే కేసు రద్దవుతుందనీ చట్టంలో ఉన్నది. ఈ మాట వాని భాషలో వానికి చెప్పినవారెవరు? ఉర్దూ మాత్రమే తెలిసినవానికి తెలుగు కాగితం మరొక గోడయే.

1920లో ఉక్రెయిన్‌లోని పోల్టావా సమీపాన బాలనేరస్థుల కాలనీని నెలకొల్పిన మకరెంకో, ఒకనాడు సహనం కోల్పోయి ఒక కుర్రవానిని కొట్టిన సంగతిని దాచక తన గ్రంథంలో వ్రాసికొన్నాడు. అయితే ఆ కాలనీని నిలబెట్టినది ఆ దెబ్బ కాదు. పిల్లల దళాలకు పిల్లలనే నాయకులను చేసి, ఆ నాయకుల మండలికి నిజమైన బాధ్యతలు అప్పగించడమని నా తలంపు. మన చట్టమూ ప్రతి గృహంలో బాలల సమితి ఉండాలన్నది. అది రిజిస్టరులో సంతకాలకే పరిమితమైతే ప్రయోజనం లేదు. వంటలో, ఆటలవేళలో, తమలో తమకు వచ్చే తగాదాలలో దాని మాట చెల్లాలి.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన విద్యార్థులున్నారు. అనుమతి పొంది వారానికొక సాయంత్రం అక్కడికి పోయి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో చదివి చెప్పి, ఇంటికి ఉత్తరం వ్రాసిపెట్టేందుకు నలుగురు ముందుకు రారా?