వినగలిగిన వైద్యులు కావాలి

మన కళాశాలలో జీవశాస్త్రం చదివే విద్యార్థినీ విద్యార్థులను "మీరేమి కాదలచారు?" అని అడిగితే, చాలామంది "డాక్టరు" అంటారు. ఏ డాక్టరని మరల ప్రశ్నిస్తే మౌనమే సమాధానం. ఆ మౌనాన్ని కొంతైనా తొలగించాలన్న తలంపుతో ఒక మార్గాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాను. అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే వ్యాధిలో ప్రత్యేక కృషి చేసే నరాల వైద్యుని మార్గం.

విద్యుత్తు తీగకు తొడుగు ఉన్నట్లే మన నరాల తంతువులకు మైలిన్ అనే పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తియే పొరపడి, మెదడు, వెన్నుపాములలోని ఆ పొరపై దాడి చేయడమే ఈ వ్యాధి. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీనిని ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. సాధారణంగా ఇది 20–40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. పురుషులకన్న స్త్రీలలో ఎక్కువ. సమూలంగా నయంచేసే మందు నేటికీ లేదు. అయితే 1993లో ఇంటర్‌ఫెరాన్ వచ్చినది మొదలు, దాడులను తగ్గించే మందులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు.

చిక్కంతా గుర్తించడంలోనే ఉన్నది. ఒకనాడు ఒక కన్ను మసకబారుతుంది. కొన్ని వారాలకు తేరుకుంటుంది. కొన్ని నెలలకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి; అదీ సర్దుకుంటుంది. మీర్‌పేట్‌లో మా పొరుగింటి యువతి ఒకామె, మెడ వంచినప్పుడల్లా వెన్నులో కరెంటు కొట్టినట్లుంటున్నదని రెండేళ్లు చెప్పుకున్నది. దిష్టి అన్నారు, బలహీనత అన్నారు, పెళ్లి తప్పించుకొనే నెపమన్నారు. చూసిన వైద్యులొకరు బలానికి మందు వ్రాసి పంపారు. చివరకు ఒక నరాల వైద్యురాలు ఆమె మాట ఆసాంతం విని, ఎమ్మారై తీయించి, జబ్బు పేరు చెప్పారు. ఆ 'కరెంటు' వైద్యగ్రంథాలలో లెర్మిట్ లక్షణమన్న పేరుతో ఉన్నదే. గ్రంథం చదివినవారు ఎందరో; ఆమె మాట విన్నవారు ఒక్కరు.

ఆ ఒక్కరు కావడానికి ఎన్నేళ్లు పడుతుంది? ఎం.బి.బి.ఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. మూడేళ్లు, న్యూరాలజీలో డి.ఎం. మూడేళ్లు. వెరసి పదకొండున్నరేళ్లు, ప్రతి మెట్టు వద్దా ఒక ప్రవేశ పరీక్ష. ఈ వ్యాధిలోనే నైపుణ్యం కోరేవారు ఆపైన ఫెలోషిప్ చేస్తారు. పద్దెనిమిదో ఏట బయలుదేరినవారు ముప్పయ్యో ఏటికి గాని నిలదొక్కుకోరు. ఎం.డి., డి.ఎం. కాలంలో స్టైపెండు లభిస్తుంది. అయినా పెద్దకొడుకు సంపాదనకై, ఆడపిల్ల పెళ్లికై తొందరపడే ఇళ్లకు ఇది చిన్న గడువు కాదు. ఈ లెక్కను దాచి పిల్లలను వైద్యవిద్యలోకి తోయడం తగదని నా అభిప్రాయం. ఇది విన్నాక కూడా నిలబడిన విద్యార్థియే ఈ మార్గానికి అర్హుడు.

చదువుకు దూరం పోనక్కరలేదు. కోఠీలో ఉస్మానియా వైద్య కళాశాల, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. మనకు చేరువలో కంచన్‌బాగ్‌లో 1984లో స్థాపితమైన దక్కన్ వైద్య కళాశాల మైనారిటీ సంస్థయే.

ఉర్దూ మీడియం, తెలుగు మీడియం అని కుంగిపోయేవారికి ఒక మాట. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం 1846లో ఏర్పడిన హైదరాబాదు వైద్య పాఠశాల. తొలినాళ్లలో అక్కడి బోధన ఉర్దూలోనే సాగింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైతం వైద్యశాస్త్రాన్ని ఉర్దూలో బోధించింది. నేడు వైద్యం చదవాలంటే ఇంగ్లీషు నేర్వక తప్పదు. కాని నీట్ పరీక్షను 2017 నుండి తెలుగులో, 2018 నుండి ఉర్దూలో వ్రాసే వీలున్నది.

అంతకుమించి, మన రెండు భాషలు నరాల వైద్యునికి పనిముట్లు. తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు. ఝున్‌ఝునీ వేరు, సున్ కావడం వేరు. ఎమ్మారై ఉండగా ఈ మాటలెందుకని కొందరనవచ్చు. యంత్రం మెదడులోని మచ్చలను చూపగలదు. ఎవరిని తన వద్దకు పంపాలో అది చెప్పలేదు. అది చెప్పేది రోగి మాటను రోగి భాషలో విన్న వైద్యుడే.

కనుక కళాశాల కమిటీకి నా మనవి రెండే. ఏటా ఒక నరాల వైద్యుని పిలిపించి, తల్లిదండ్రుల సమక్షంలో ఈ మార్గం పొడవును, ఖర్చును ఉన్నదున్నట్లు చెప్పించాలి. గ్రంథాలయంలో నీట్ పుస్తకాలను మన రెండు భాషలలోనూ ఉంచాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అందరూ నరాల వైద్యులు కానక్కరలేదు. కాని మీ పక్కన కూర్చున్న మిత్రురాలు కన్ను మసకబారినదంటే, అది సాకు అని నవ్వకండి. ఆమె చెప్పేది చివరిదాకా విని, వైద్యుని వద్దకు తోడు వెళ్లండి.