గిర్జాఘర్‌లో ఝూలా, మన గల్లీలో గారడీ సాయిబు

ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్ నగరంలో, పోర్ట్‌లాండ్ స్క్వేర్ దగ్గర సెయింట్ పాల్స్ అనే గిర్జాఘర్ ఉంది. 1790ల నాటి ఇమారత్. వచ్చేవాళ్ళు తగ్గిపోయి 1988లో మూతపడింది. పాత చర్చిలను కాపాడే ఒక ట్రస్టు దాన్ని బాగుచేయించింది. 2005 నుంచి అందులో సర్కోమీడియా అనే సర్కస్ స్కూల్ నడిచింది.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు లోపల ఒక అమ్మాయి ట్రపీజ్ మీద రియాజ్ చేస్తోంది. కింద ఉస్తాద్ తాడు పట్టుకుని, ఆమె మీద నుంచి నజర్ తిప్పకుండా నిలబడ్డాడు. గోడల మీద పాతకాలం వాళ్ళ పేర్లు చెక్కిన పలకలు అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ పీకెయ్యలేదు.

"ఇబాదత్ జరిగిన చోట తమాషానా? తౌబా!" అని మీలో కొందరు అంటారని తెలుసు. మన మస్జిద్ సంగతి వేరే. హనఫీ ఫిఖహ్‌లో ఇమామ్ అబూ యూసుఫ్ రాయ్ ప్రకారం, ఒకసారి మస్జిద్ అయిన జాగా ఖయామత్ దాకా మస్జిదే. కాబట్టి మస్జిద్‌లో ఝూలా కట్టమని ఎవరూ అనడం లేదు. చర్చికి మాత్రం దాని మతపెద్దలే ఇబాదత్ ముగిసిందని చెప్పే రివాజ్ ఉంది. ఆ తర్వాత అది కూలిపోవచ్చు, షరాబ్ఖానా కావచ్చు, ఇంకోరికి ఇబాదత్‌గాహ్ కూడా కావచ్చు. లండన్ బ్రిక్ లేన్‌లో 1743లో చర్చిగా కట్టిన ఇమారత్ 1898లో యూదుల సినగాగ్ అయింది, 1976 నుంచి మస్జిద్‌గా ఉంది. అక్కడ నమాజ్ చదివే మనవాళ్ళకి ఆ గోడలు పరాయివి అనిపించవు.

ఇక తమాషా మాట. ఈద్ రోజున హబషీలు మస్జిదె నబవీలోనే ఈటెలు, డాళ్ళతో ఆడిన సంగతి సహీ హదీసుల్లో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి.) ఆపబోతే ప్రవక్త (స.అ.స.) వాళ్ళని వదిలెయ్యమన్నారు. హజ్రత్ ఆయిషా (రజి.) తనివితీరా చూసేదాకా ఆమెకు ఆడ్డంగా నిలబడి చూపించారు. ఒంట్లో తాఖత్, చేతిలో హునర్ ఉండటం మన దీన్‌లో ఐబ్ కాదు.

మరి మన దగ్గర ఐబ్ ఎలా అయింది? 2007లో బీసీ-ఇ జాబితా వచ్చినప్పుడు అందులోని పేర్లు మీరు ఎప్పుడైనా చదివారా? గారడీ సాయిబులు, పాములవాళ్ళు, ఎలుగుబంటువాళ్ళు, ముసల్మాన్ కీలుగుర్రాలవాళ్ళు. అందరూ కలిమా చదివేవాళ్ళే. రిజర్వేషన్ సర్టిఫికెట్ కోసం ఆ జాబితా అందరికీ కావాలి. రిష్తా మాట వస్తే మాత్రం "వాళ్ళా? తమాషా చేసుకునేవాళ్ళు" అని గొంతు తగ్గిస్తాం. బ్రిస్టల్‌లో తాడు మీద నడిచే అమ్మాయి స్టూడెంట్. అదే పని మన సంతలో చేసే అమ్మాయిని మాత్రం చిల్లర విసిరి పంపేస్తాం.

పాత రోజులు తిరిగి రావాలని నేను అనడం లేదు. ఎలుగుబంటి ముక్కుకు తాడు వెయ్యడం జుల్మ్. పసిపిల్లల్ని బడి మాన్పించి కర్తబ్ చేయించడం అంతకన్నా పెద్ద జుల్మ్. సర్కస్‌లో పిల్లలతో పని చేయించడం ఆపాలని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కానీ జుల్మ్ ఆగితే సరిపోదు, హునర్‌కి ఇంకో దారి కావాలి. కేరళలో తలశ్శేరి దగ్గర కీలేరి కుంజికణ్ణన్ 1901లోనే సర్కస్ నేర్పే స్కూల్ పెట్టారు. అంటే ఇది గోరాల సొత్తేం కాదు.

మన ఊళ్ళలో వక్ఫ్ కింద షాదీఖానాలు, సరాయిలు, పాత హాళ్ళు ఉన్నాయి. పెళ్ళిళ్ళ సీజన్ దాటితే చాలావాటికి తాళాలే. వాఖిఫ్ షరతులకి భంగం రాకుండా, సాయంత్రం రెండు గంటలు వాటిని తెరవండి. ఒకరోజు అమ్మాయిలకి, ఒకరోజు అబ్బాయిలకి కసరత్, జిమ్నాస్టిక్స్ నేర్పించండి. నేర్పడానికి కీలుగుర్రాలవాళ్ళ ఇంటి నుంచి ఒక చాచాని పిలవండి, తన్‌ఖా ఇవ్వండి, "ఉస్తాద్" అని సలామ్ చెయ్యండి.

ముతవల్లీ సాబ్‌లకు అర్జీ పెట్టేటప్పుడు నా సంతకం కూడా తీసుకోండి.