ట్యూన్ ఇంజన్‌కు కొడ్తరు.. దెబ్బ గేర్‌బాక్స్‌కు తగుల్తది

ఫోన్ల రీల్స్ తిప్పుతుంటే ఈ నడుమ పికప్ బండ్ల ముచ్చట్లు మస్తు వస్తున్నయి. స్టీరింగ్ కింద ల్యాప్‌టాప్ వైరు గుచ్చుతరు, అరగంటల ఫైల్ ఎక్కిస్తరు, 'స్టేజ్ 1 అయిపోయింది అన్నా' అంటరు. ఆ ఎనుక బండి నల్లపొగ ఇడుసుకుంట ఉరుకుతది. కింద కామెంట్లల్ల 'మన దిక్కు ఏడ చేస్తరు, ఎంత తీస్కుంటరు' అని అడిగేటోళ్లల్ల మన పల్లె పోరగాళ్లు శానామంది ఉన్నరు. కిస్తీల మీద పికప్ తీసుకొని కూరగాయలు, వడ్లు, ఇటుకలు, మేకలు కొట్టుకుంట బతికేటోళ్లు.

వాళ్ల కోసమే ఇది రాస్తున్న. సంపాదించే బండికి పవర్ ఎంత పెరిగిందన్నది రెండో ముచ్చట. ఇంజన్, క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకు ఒకదాని బరువు ఒకటి మోస్తయా లేదా అన్నది మొదటి ముచ్చట. ఒక్క ఇంజన్‌ను పెంచితే మిగిలినయి చెప్పకుండ కూలబడ్తయి. బండి షెడ్డుల పడ్డా కిస్తీ మాత్రం ఆగది.

ఇంతకు ట్యూన్ అంటే ఏంది?

ఇప్పటి డీజిల్ ఇంజన్‌కు ఈసీయూ అనే కంప్యూటర్ డబ్బా ఉంటది. ఎంత డీజిల్ కొట్టాలె, ఏ క్షణంల కొట్టాలె, టర్బో ఎంత గాలి నూకాలె, ఏ ఆర్‌పీఎం కాడ టార్క్ ఎంత దాటొద్దు.. ఈ లెక్కలన్నీ అందుల రాసి ఉంటయి. వాటిని మార్చుడే ట్యూన్. రీమ్యాప్ అని కూడ అంటరు. కంపెనీ ఆ లెక్కలను కొంచెం జాగా ఇడిసిపెట్టి రాస్తది. ఎందుకంటే అదే బండి మన మే నెల ఎండల నడవాలె, కొండల చలిల నడవాలె, నాసిరకం డీజిల్ పోసినా నడవాలె. ట్యూన్ చేసేటోడు అమ్మేది ఆ జాగానే. అంటే మన బండికి కంపెనీ దాచిపెట్టిన ఓపికను మనకే అమ్ముతున్నడు.

రీల్‌ల కనబడని గేర్‌బాక్స్

ఒక ఉదాహరణ చూడుండ్రి. మన దేశంల అమ్ముతున్న టయోటా హైలక్స్ పికప్‌ల 2.8 లీటర్ డీజిల్ ఇంజన్ ఉంటది. పవర్ 204 పీఎస్. మాన్యువల్ తీసుకున్నా, ఆటోమేటిక్ తీసుకున్నా ఇంజన్ అదే, పవర్ అదే. కానీ టార్క్ ఆటోమేటిక్‌ల 500 న్యూటన్ మీటర్లు ఉంటే, మాన్యువల్‌ల 420 మాత్రమే. ఇంజన్ 500 ఇయ్యగలదని కంపెనీకి ఎరుకే. అయినా మాన్యువల్ బండిల 420 కాడనే కట్టేసింది. ఇంజన్ లెక్క రాసేటప్పుడు ఎనుక ఉన్న క్లచ్, గేర్‌బాక్స్ మోసే బరువు కూడ చూస్తరు. కోట్లు పెట్టి టెస్టులు చేసే కంపెనీయే ఇట్ల ఆలోచిస్తుంటే, అరగంటల ఫైల్ ఎక్కించేటోడు ఏ లెక్కన ఆ హద్దు తీసేస్తున్నడు?

ఈ ట్యూనింగ్ పిచ్చి అమెరికా పికప్‌ల కాడికెళ్లి వచ్చింది. అక్కడి పికప్‌లు దాదాపు అన్నీ ఆటోమేటిక్. గేర్‌బాక్స్‌కు కూడ కంప్యూటర్ ఉంటది. ఏ స్పీడుల గేర్ మారాలె, లోపలి క్లచ్‌లను ఎంత ఆయిల్ ప్రెషర్‌తోని పట్టుకోవాలె అన్నది అదే చూస్తది. ఇంజన్ ఎంత టార్క్ ఇస్తున్నదో ఈసీయూ చెప్తెనే అది ఎంత గట్టిగ పట్టుకోవాలెనో తేల్చుకుంటది. ఇంజన్ ట్యూన్ మార్చి గేర్‌బాక్స్‌కు పాత లెక్కనే చెప్తే అది మెత్తగ పట్టుకుంటది. క్లచ్‌లు జారి కాలిపోతయి. అందుకే అక్కడ తెలిసినోళ్లు ఇంజన్ ట్యూన్, గేర్‌బాక్స్ ట్యూన్ జోడిగనే చేయించుకుంటరు.

మరి మన బొలెరో పికప్ అసొంటి బండ్లల్ల ఏముంటది? 5 గేర్ల మాన్యువల్. దాని గేర్‌బాక్స్‌కు ఎక్కించేటందుకు ఫైలే లేదు. పెరిగిన టార్క్ సీదా క్లచ్ ప్లేట్ మీద పడ్తది. ఖాళీ బండితోని రీల్ తీసేటప్పుడు అది తెల్వది. ఎండాకాలం నిండు లోడుతోని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తది. ఎక్కువ డీజిల్ కాలితే ఎక్కువ వేడి. ఆ వేడి పిస్టన్‌కు, టర్బోకు, తలకాయ గ్యాస్కెట్‌కు తగుల్తది.

పొగ పీకేసినోళ్ల కథ

ఇంకొందరు 'డిలీట్' అంటరు. బీఎస్-6 బండ్లల్ల మసి పట్టే ఫిల్టర్‌ను, పొగను మళ్ల ఇంజన్‌లకు పంపే ఈజీఆర్‌ను బంద్ చేసుడు. అమెరికాల ఇది యాడికి పోయిందంటే, అంతకుముందు పదేండ్లల్ల 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్‌లల్ల పొగ నియంత్రణ సామాన్లు పీకేసిన్రని 2020ల అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క తేల్చింది. పెద్ద కంపెనీలు కూడ తప్పించుకోలే. ర్యామ్ పికప్‌ల ఇంజన్ల సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన ఆరోపణలకు కమ్మిన్స్ కంపెనీ 2023 డిసెంబర్‌ల 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నది.

మన కాడ కూడ చట్టం ఉన్నది. కంపెనీ ఇచ్చిన రూపానికి, ఆర్సీల రాసిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తది. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడ అదే మాట అన్నది. అదే ఏడాది వచ్చిన సవరణల, ఒప్పుకోని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేకుంటే ఆరు నెలల దాక జైలు, లేకుంటే రెండూ అని రాసిన్రు. సాఫ్ట్‌వేర్ కదా, ఎవరికి కనబడ్తది అనుకుంటరు. చెకింగ్‌ల కనబడకపోవచ్చు. వారంటీ కోసం పోయిన్నాడు కంపెనీ స్కానర్‌కు కనబడ్తది. యాక్సిడెంట్ అయిన్నాడు ఇన్సూరెన్స్‌వాళ్లు కొర్రీ పెట్టేటందుకు సాకు దొరుకుతది.

అసలు రోగం కిరాయిది

నేను మా దిక్కు మార్కెట్ యార్డు కాడ డ్రైవర్లతోని మాట్లాడిన. స్పీడు కోసం ట్యూన్ కావాలె అన్నోళ్లు తక్కువ. 'లోడు ఎక్కినంక చడావు గుంజుతలేదు అన్నా' అనేటోళ్లే ఎక్కువ. ఎందుకు గుంజుతలేదు? 1.7 టన్నుల బండిల 3 టన్నులు ఏస్తున్నరు కాబట్టి. ఎందుకు ఏస్తున్నరు? ఊరికి పది పికప్‌లు అయినయి. నువ్వు రాకుంటే ఇంకొకడు వస్తడని సేటు కిరాయి పెంచడు. ఒక్క ట్రిప్పుల రెండు ట్రిప్పుల మాల్ కొడ్తెనే కిస్తీ ఎల్తది.

కిరాయిల పడ్డ బొక్కను ల్యాప్‌టాప్‌తోని పూడ్చుడు కాదు. ట్యూన్‌తోని ఇంజన్ గుంజుతది కావచ్చు, బ్రేకులు మాత్రం పాతయే. టైర్లు, కమాను పట్టీలు పాతయే. పైగా ఓవర్‌లోడ్‌కు చట్టంల 20 వేలు, మీద టన్నుకు ఇంకో 2 వేలు రాసి ఉన్నది.

మరి ఏం చెయ్యాలె?

ట్యూన్‌ను షోరూంలనే ఎంచుకోవాలె. కొనేటప్పుడు హార్స్‌పవర్ ఒక్కటే చూడకుండ, పూర్తి టార్క్ ఏ ఆర్‌పీఎం కాడికెళ్లి అందుతది, మనం రోజూ కొట్టే లోడుకు సరిపోయే మోడల్ ఏది అని అడగాలె. ఉన్న బండి గుంజకుంటే ముందుగాల ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపు లీకులు, ఇంజెక్టర్లు, టైర్ల గాలి, క్లచ్ చూపియ్యాలె. శానాసార్లు పోయిన పవర్ అక్కడనే దొరుకుతది. అయినా ట్యూన్ చేపిస్తా అంటే ఒక్క మాట అడుగు తమ్మీ: 'క్లచ్, గేర్‌బాక్స్ పోతే పైసలు నువ్వు కడ్తవా? కాయితం మీద రాసిస్తవా?' ఏమంటడో చూడు.

కంపెనీలను, సర్కారును కూడ అడగాలె. మహీంద్రా తన బ్లేజో లారీలల్ల ఫ్యూయల్‌స్మార్ట్ పేరుతోని టర్బో, హెవీ, లైట్ అని మూడు స్విచ్‌లు ఇచ్చింది. లోడును బట్టి ఇంజన్ లెక్క మారుతది, వారంటీ పోదు. పెద్ద లారీకి ఇచ్చిన సౌలతు చిన్న పికప్‌లు అన్నిట్లకు ఎందుకు రావొద్దు? తెలంగాణల 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి మారుస్తమని 2024ల సర్కారు ఒప్పందం చేసుకున్నది. ఈసీయూ స్కానింగ్, రిపేర్ అందుల గట్టిగ నేర్పితే మండలానికి నలుగురు అసలు మెకానిక్‌లు తయారైతరు.

అన్నిటికంటె ముందు ఒక్క అడ్డా మీద ఉన్న పికప్ ఓనర్లు కూసొని టన్నుకు, కిలోమీటరుకు ఇంత అని రేటు కట్టుకోవాలె. ఆటోవాళ్లు అడ్డాకొక రేటు పెట్టుకొని నడుపుకుంటలేరా? రేటు మన చేతుల ఉంటే 1.7 టన్నుల బండిల 1.7 టన్నులే ఏసుకొని పోవచ్చు. అప్పుడు కంపెనీ ఇచ్చిన ఇంజన్ చడావు ఎక్కుతది.