బొటనవేలు మొరాయిస్తే...

బూర్గంపాడు నుంచి ఒక ఉపాధ్యాయిని వ్రాశారు: "నా వయస్సు 46. రెండేళ్ళుగా కుడికాలి బొటనవేలి మొదట్లో నొప్పి. గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టలేను. భద్రాచలం గుడి మెట్లెక్కిన రోజు రాత్రి నిద్ర ఉండదు. మెత్తటి చెప్పులు కొన్నా లాభం లేదు. పాదం అచ్చు తీసి, చెప్పులో పెట్టుకునే అట్టలు చేయిస్తే తగ్గుతుందంటున్నారు. ఖరీదు చాలా ఎక్కువ. చేయించుకోమంటారా?"

డబ్బు తీసేముందు చిన్న పరీక్ష చేసుకోండమ్మా. కుర్చీలో కూర్చుని, పాదం నేలకు ఆనించి, ఆ వేలిని చేత్తో పైకెత్తండి. తరువాత నిలబడి, ఇంట్లో ఎవరిచేతనైనా ఎత్తించండి. నిలబడినప్పుడు కొంచెం తక్కువగా లేవడం సహజమే. కాని కూర్చుంటే హాయిగా లేచే వేలు, నిలబడితే బొత్తిగా కదలకపోతే కీలులో కన్నా పాదం బరువు మోసే తీరులో లోపం ఉండవచ్చు. రెండుసార్లూ లేవకపోతే కీలు అరిగిందేమో చూడాలి. అరిగిన కీలు పైభాగాన ఎముక బొడిపెలా పెరిగి వేలికి అడ్డుపడుతుంది. వేలి కదలిక తగ్గడాన్ని హాలక్స్ లిమిటస్ అనీ, పూర్తిగా బిగిసిపోతే హాలక్స్ రిజిడస్ అనీ డాక్టర్లంటారు.

ఈ తేడా ఎందుకంటే, ఈ రెండింటికీ అట్ట ఒకటి కాదు. మనం అడుగువేసి మడమ ఎత్తినప్పుడల్లా బొటనవేలు మొదట్లో వంగాలి. మొదటి రకానికి పాదం వంపును నిలబెట్టి, బొటనవేలి మొదలు కింద కాస్త పల్లం ఉంచుతారు. వేలు లేవడానికి వీలవుతుంది. రెండవ రకానికి దీనికి పూర్తిగా విరుద్ధం. వేలి చివరిదాకా గట్టి పలక వేసి, అసలు వంగకుండా చూస్తారు. ఒకరికి చేసింది మరొకరికి పెడితే నొప్పి పెరిగినా పెరగవచ్చు. కనుక అచ్చు తీసేవారు మీ వేలిని పట్టుకుని కదిలించి చూడకపోతే అక్కడ చేయించకండి.

మెత్తటి చెప్పుల సంగతి. స్పర్శ తెలియని పాదాలకు అవి వరమే. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల కోసం మెత్తటి రబ్బరు చెప్పులు వాడించింది అందుకే. బిగిసిన వేలికి మాత్రం, మెత్తటి చెప్పు వేలితోపాటు తానూ వంగిపోతుంది, ఆసరా ఇవ్వదు. రెండు చేతులతో వంచినా ముందుభాగం వంగనిది, ముక్కు దగ్గర పడవలా కాస్త పైకి లేచినది, మడమకు పట్టీ ఉన్నది కొనండి. ఆస్ట్రేలియాలో ఈ కీలు అరిగిన 102 మందిలో కొందరికి ఇటువంటి అడుగున్న బూట్లు, కొందరికి తయారుగా దొరికే అట్టలు ఇచ్చి చూశారు. పన్నెండు వారాలకు రెండు జట్లలోనూ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గిందని 2016లో వెల్లడించారు. కొలతకు చేయించిన అట్టలు కావవి సుమా! అందుకే ముందు చెప్పు మార్చి రెండు మూడు నెలలు చూడండి. తగ్గకపోతే అప్పుడు అచ్చు సంగతి.

ఇంకో చిక్కు. ఎంత ఖరీదైన అట్టయినా గుమ్మం బయట విడిచిన చెప్పులోనే ఉండిపోతుంది. వంటింట్లో నిలబడేది మాత్రం ఉత్త కాళ్ళతోనే! ఇంట్లోకి ఇటువంటి గట్టి చెప్పులే వేరే జత పెట్టుకోండి. ముగ్గుకు చిన్న పీట వేసుకోండి. అట్ట చేయిస్తే తొలిరోజు గంటసేపే వాడి, రోజురోజుకూ పెంచండి.

ఉన్నట్టుండి ఒకరాత్రి వేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా భరించలేకపోతే అది గౌట్ కావచ్చు. దానికి అట్టలతో పని లేదు, రక్తపరీక్ష, మందులు కావాలి. మధుమేహం ఉంటే పాదాలు చూపించకుండా గట్టి పలకలు వాడవద్దు. తెలియకుండానే పుండు పడుతుంది.

ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మీ పాత చెప్పులు కూడా పట్టుకెళ్ళండి. చెప్పులు సంచీలో పెట్టుకెళ్ళడమేమిటని సిగ్గుపడకండి. వేలు నొప్పికి జడిసి మీరు బరువంతా పాదం బయటి అంచు మీద వేస్తుంటే, అరిగిన అడుగు ఆ సంగతి చెప్పేస్తుంది.