తేలికైన చల్లదనం

మండువేసవిలో ఐస్‌క్రీమును కాదనడం ఏ వయస్సువారికైనా కష్టమే. బరువు తగ్గాలన్న సంకల్పం గల యువతకు అది మరింత కఠినపరీక్ష. అందుకే డబ్బాపై 'తక్కువ కొవ్వు' అన్న మాట కనిపించగానే చాలామంది నిశ్చింతగా రెండవ కప్పుకు కూడా చేయి చాస్తారు. ఆ నిశ్చింతకు ఆధారం స్వల్పం.

మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీములో పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. తక్కువ కొవ్వు రకంలో అది 2.5 శాతానికి మించరాదు. గ్రాము కొవ్వు 9 కిలోకేలరీల శక్తినిస్తే, గ్రాము చక్కెర 4 ఇస్తుంది. కనుక కొవ్వు తగ్గడం మేలే. కాని తగ్గిన రుచిని పూరించడానికి చక్కెర పెంచితే ఆ మేలులో కొంత కరిగిపోతుంది. 'ఫ్రోజెన్ డెజర్ట్' అన్న పేరు కూడా తేలికదనానికి గుర్తు కాదు; పాలకొవ్వుకు బదులు అందులో వంటనూనెల కొవ్వు వాడవచ్చు, అంతే.

ఇంతకంటె సులువైన మార్గం ఇంటిలోనే ఉంది. గింజలు తీసిన పుచ్చకాయ గుజ్జును చక్కెర కలపకుండా గడ్డకట్టిస్తే 100 గ్రాములకు దాదాపు 30 కిలోకేలరీలే. సాధారణ వెనిలా ఐస్‌క్రీములో అవి సుమారు 200. మీగడ తీసిన పెరుగులో మామిడిపండు గుజ్జు కలిపి గడ్డకట్టించినా రుచికి లోటుండదు. (తాటిముంజలుండగా ఈ శ్రమంతా ఎందుకని పెద్దలు అడగవచ్చు, ఆ ప్రశ్న సబబైనదే.)

మధ్యాహ్నభోజనం మాని, ఆ స్థానంలో ఐస్‌క్రీము తినే అలవాటు మాత్రం సమర్థనీయం కాదు. ఎదిగే శరీరానికి కావలసినంత ఇనుము, మాంసకృత్తులు ఆ కప్పులో లభించవు.