నొప్పి లేని వాపే కాలికి ముప్పు

చేలో నడుస్తుంటే కాల్లో ముల్లు దిగుతుంది. లాగి పారేసి పనిలో పడతాం. నెలలు గడిచాక అక్కడ గట్టి గడ్డ లేస్తుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటాం. తర్వాత పాదం ఉబ్బి, రంధ్రాలు పడి, చీముతోపాటు రవ్వలాంటి గింజలు రాలతాయి. ఎముక దెబ్బతిన్నాక ఆసుపత్రికి పోతే కాలు తీసేయాల్సిన గతి పట్టొచ్చు. ఇదే మైసెటోమా. జనం నోట 'మదురా ఫుట్'.

పేరు మదురైదైనా, దీని చరిత్రలో మన బళ్ళారికీ చోటుంది. బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1840ల దశకంలో, ఇక్కడ పనిచేసిన గాడ్‌ఫ్రే అనే డాక్టరు ఈ పాదరోగం గురించి లండన్ వైద్యపత్రిక 'లాన్సెట్'కు రాశారు. తర్వాత బొంబాయిలో వాండైక్ కార్టర్ దీనికి శిలీంధ్రం, అంటే బూజు జాతి, కారణమని చెప్పి మైసెటోమా అని పేరు పెట్టారు. అంత పాత రోగాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 'నిర్లక్ష్యానికి గురైన రోగాల' జాబితాలో చేర్చింది 2016లో! ఎంతమందికి ఉందో కచ్చితమైన లెక్క ఇప్పటికీ లేదు.

లెక్క ఎందుకు లేదు? ఇది వచ్చేది ఉత్త కాళ్ళతో మట్టిలో తిరిగేవాళ్ళకు. రైతుకూలీలు, గొర్రెల కాపరులు, కట్టెలు కొట్టేవాళ్ళు, అదీ ఎక్కువగా కష్టం చేసే వయసులో. యశ్వంతనగర్ నుంచి రాయదుర్గం దాకా సరిహద్దుకు అటూ ఇటూ కంపచెట్లకు కరువు లేదు. సర్కారు తుమ్మకు కన్నడంలో పేరే 'బళ్ళారి జాలి'!

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి శిలీంధ్రంతో, ఇంకోటి బ్యాక్టీరియాతో వస్తుంది. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. మందులు మాత్రం వేరు. బ్యాక్టీరియా రకం యాంటీబయాటిక్స్‌కు లొంగుతుంది. శిలీంధ్ర రకానికి ఇట్రాకొనజోల్ లాంటి మాత్రలు ఏడాది, అంతకుమించీ వాడాలి, ఆపరేషన్ కూడా కావచ్చు. గింజను, కండముక్కను పరీక్షించకుండా మందు రాయడమంటే చీకట్లో రాయి విసరడమే. ఒకరి నుంచి ఒకరికి ఇది అంటుకోదు. రోగిని దూరం పెట్టడం అన్యాయం.

అధికారులు చేయాల్సిన పని కొండంతేమీ కాదు. ఆశా కార్యకర్తలకు ఈ గడ్డను గుర్తుపట్టడం నేర్పాలి. తాలూకా ఆసుపత్రిలో నమూనా తీసి బళ్ళారి ప్రభుత్వ వైద్య కళాశాలకు పంపే ఏర్పాటు చేయాలి. నెలల తరబడి వాడే మందును పేదలకు ఉచితంగా ఇవ్వాలి. కనిపించిన ప్రతి కేసునూ నమోదు చేయాలి. గోడపత్రికలు కన్నడంతోపాటు తెలుగులోనూ వేయాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే కూలీకి తన రోగం సంగతి తన భాషలో తెలియాలి కదా!

మన వంతూ ఉంది. చేనుకు పోయేటప్పుడు చెప్పులు, వీలైతే బూట్లు వేసుకోవాలి. ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో కడగాలి. తగ్గని గడ్డ కనిపిస్తే నాటుమందు, వాతలు మాని డాక్టరుకు చూపించాలి. అనంతపురం పోయినా, బెంగళూరుకు వలస పోయినా ఆసుపత్రి చీటీలు వెంట పెట్టుకోవాలి. కాస్త తగ్గిందని మందు మధ్యలో మానొద్దు.

కూలీకి కాలే ఆస్తి. మందున్న రోగానికి ఆ ఆస్తి పోతే, ఆ తప్పు ముల్లుది కాదు, పట్టించుకోని వ్యవస్థది.